నన్ను పడుకోనీకు

ఇన్‌స్పెక్టర్ జగన్నాథరావు నన్ను చూడగానే ముఖం చిట్లించాడు. మంచిదే. ప్రైవేటు డిటెక్టివుని చూసి సంతోషించే పోలీసు ఈ గంజాం జిల్లాలో ఇంకా పుట్టలేదు.

"ఏం వైకుంఠరావు గారూ, బరంపురంలో నేరాలు తక్కువైపోయాయా? కవిటి దాకా దయచేశారు?"

"పోలారావు నా స్నేహితుడు. పదేళ్లుగా నేను తాగుతున్న కాఫీ ఆయన పండించిందే. గింజలు తెచ్చే బండివాడు ఆయన పోయాడని చెప్పాడు. కోడల్ని పట్టుకున్నారనీ చెప్పాడు. అందుకని వచ్చాను."

"పట్టుకోక హారతిస్తామా? కాఫీలో విషం పోసి మామగారిని చంపింది. కేసు తేలిపోయింది. ఎద్దులు మేత తినగానే సోంపేట స్టేషనుకి, అక్కణ్నించి జైలుకి. మీరు అనవసరంగా దారిలో దుమ్ము తిన్నారు."

ఆయన అరుగు మీద పడక్కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. పక్కన అప్పలరాజు నిలబడి లేత కొబ్బరిబొండం చెక్కి అందిస్తున్నాడు. అప్పలరాజు పోలారావు బావమరిది, ఇంటావిడ రత్నాలమ్మకు తమ్ముడు. సోంపేటలో దుకాణం ఉంది. భుజం మీది తువ్వాలుతో మాటిమాటికీ కళ్లు ఒత్తుకుంటున్నాడు. బావ పోయిన ఇంట్లో పోలీసుకి ఇన్ని మర్యాదలు చేయడానికి ఓపిక ఎక్కణ్నించి వచ్చిందో నాకు తెలియలేదు.

పోలారావు సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఈ ఉద్దానం పల్లెలన్నీ కొబ్బరి వేస్తుంటే ఈయన మందస వెనక కొండవాలు తీసుకొని, పనసచెట్ల నీడన కాఫీ మొక్కలు నాటిన మొండిమనిషి. ఉన్న ఒక్క కొడుకూ విషజ్వరంతో పోయాడు. మిగిలింది భార్య, కోడలు చిన్నతల్లి. ఆ పిల్ల పుట్టింటివాళ్లంతా కలరాలో పోయారు. అందుకే కొండ మీది తోట తన తర్వాత కోడలిదేనని పోలారావు నలుగురిలో అనేవాడు. ఆ పిల్ల గింజలు మంగలంలో వేయించి, రోట్లో దంచి, మామకు కాఫీ పెట్టేది. తనూ తాగేది. విధవముండ కాఫీ తాగడమా! ఊరి ఆడవాళ్లకు అదొక్కటి చాలు. కాఫీ తాగితే నెత్తురు నల్లబడుతుందట. వేడి పుట్టి మనిషి లోలోపలే కాలిపోతాడట. ఇంతమంది ధన్వంతరులున్న ఊళ్లో ఒకడు కాఫీ తాగుతూ తాగుతూ చచ్చిపోతే చిన్నతల్లి గతి ఏమవుతుంది? ఇదిగో, ఇదే అవుతుంది.

"ఏ విషం?" అన్నాను.

"కాఫీపొడి డబ్బాకి లక్కముద్ర వేశాను. మద్రాసు పంపిస్తే వాళ్లే చెబుతారు."

"శవం?"

"నేను వచ్చేసరికి దహనం అయిపోయింది."

"అంటే విషం పేరు తెలీదు, శవం లేదు. కేసు మాత్రం తేలిపోయింది."

"లోటా మీద లోటా ఆ పిల్ల కాఫీ పోయడం ఇంట్లోవాళ్లు చూశారు. తెల్లారేసరికి మనిషి పోయాడు. ఇంకేం కావాలయ్యా మీకు?"

నాకు కోపం వస్తే చేతులు చెప్పిన మాట వినవు. కుర్చీ పక్కనున్న డబ్బా అందుకొని, లక్క ఊడబెరికి, గుప్పెడు పొడి నోట్లో పోసుకున్నాను. జగన్నాథరావు బొండం కింద పడేసి లేచాడు.

"మీకు మతి పోయిందా? అది సాక్ష్యం!"

"విషమైతే ఇక్కడే చస్తాను. అప్పుడు ఆ పిల్ల మీద రెండో హత్య కూడా రాసుకోండి."

పొడి చేదుగా గొంతుకు అడ్డం పడింది. నా కడుపులో పుండు ఉంది. కాఫీ మానకపోతే చిల్లి పడుతుందని బరంపురం డాక్టరు ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. ఆయన మాట అబద్ధం కాదని మంట అప్పుడే మొదలుపెట్టింది. అయినా నవ్వాను.

"సాక్ష్యం పాడుచేసినందుకు మిమ్మల్ని లోపల వేయించగలను," అన్నాడు పళ్లు కొరుకుతూ.

"వేయించండి. ఈలోగా ఆ అమ్మాయితో మాట్లాడతాను. ఎద్దులు మేత తినేదాకా అన్నారుగా, ఇంకా తింటూనే ఉన్నాయి."

నేను చస్తానో లేదో చూడాలని ఆయనకూ ఉన్నట్టుంది. వెళ్లమని చెయ్యి ఊపాడు.

చిన్నతల్లిని కొబ్బరికాయల కొట్టులో పెట్టారు. గుమ్మంలో జవాను. లోపల కాయల గుట్టకు ఆనుకొని కూర్చుంది. చెంప వాచి ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"తమరు బరంపురం బాబు కదా? మావ సెప్పీవోడు, కాఫీ తాగడం తెలిసిన మనిషని."

"కూర్చో అమ్మా. మామ కొండ దిగి వచ్చాక ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా చెప్పు."

"పొద్దువాలినాక ఒచ్చినాడు బాబూ. సలిజొరం, వణికిపోతన్నాడు. అత్త మందేసింది. గంజి తాగినాడు. కాసేపటికి నన్ను గట్టిగా కేకేసినాడు. సిన్నతల్లీ, కాఫీ సిక్కగా పెట్టు, నన్ను పడుకోనీకు అన్నాడు. జొరం మనిసివి, పడుకో మావా అన్నాను. కొట్టినంత పని సేసినాడు. పడుకోనీకంతన్నాను కదా, సెంపలు వాయించైనా నన్ను లేపు అన్నాడు."

"ఆయన కళ్లు చూశావా?"

"దీపం దగ్గరికి ఎట్టి సూసినాను. కంటిపాప ఆవగింజంతే ఉంది. ఒకటే ముక్కు గోక్కున్నాడు, ఒల్లంతా గోక్కున్నాడు."

నా ప్రాణం లేచివచ్చింది. నేను పదేళ్లుగా ఈ కాఫీకి బానిసను. అది మనిషిని ఏం చేస్తుందో నా ఒంటికి తెలుసు. అప్పటికే గుండె దడదడలాడుతోంది, వేళ్లు వణుకుతున్నాయి, ఈ రాత్రికి నాకు నిద్ర ఉండదు. కాఫీ కడుపు కాలుస్తుంది, నరాలు పీకుతుంది, కన్ను మూయనివ్వదు. పొరపాటున కూడా నిద్రపుచ్చదు. కంటిపాపను ఆవగింజంత చేసి, ఒళ్లు గోకించి, మత్తులోకి లాక్కుపోయేది లోకంలో ఒక్కటే. నల్లమందు.

"కాఫీ పడ్డాక ఎలా ఉన్నాడు?"

"తేరుకున్నాడు బాబూ! బుజం పట్టుకోని వాకిట్లో నడిపించినాను. ఈయేడు కాపు బాగుందన్నాడు, పళ్లు కోసీటప్పుడు నువ్వూ కొండకి రా అన్నాడు. అప్పుడే అత్త ఒచ్చి గిన్ని తన్నీసింది. నన్ను ఈడ్సుకొచ్చి ఈ కొట్టులోనే ఏసి గొల్లెం ఎట్టీసింది. పడుకోనీకండి, పడుకోనీకండని తలుపు బాదినాను. ఎవులూ ఇన్నేదు. గోడవతల గురక ఇనిపించీది నాకు. ఆగి ఆగి ఒచ్చీది. తెల్లారగట్ల ఆగిపోనాది."

ఆమె ఏడవలేదు.

"ఇది ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"సెప్పినాను. విషం ఎక్కడ కొన్నావని కొట్టినాడు."

"పడుకోకూడదని మామకు ఎలా తెలిసింది?"

"కొండ మీద సవరోల్లు జొరమొత్తే నల్లమందు మింగీవోల్లు బాబూ. ఎక్కువైపోయి పడిపోనోల్లకి మావే కాఫీ పట్టి, నడిపించి బతికించీవోడు. ఆల్లకి కాఫీ అలవాటైపోనాది. శానామంది ఆ మందే మానీసినారు."

బరంపురం ఆసుపత్రిలో నల్లమందు మింగినవాళ్లకు చేసే వైద్యమూ అదే. చిక్కటి కాఫీ పట్టించడం, పడుకోకుండా నడిపించడం. పోలారావు తన ఒంట్లోకి ఏం వెళ్లిందో తనే కనిపెట్టాడు. విరుగుడూ తనే చెప్పాడు. చెప్పిన మాట విన్న ఒకే ఒక్క మనిషిని హంతకురాలన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు.

పోలారావు చనిపోయిన వసారాకి వెళ్లాను. జగన్నాథరావు నా వెనకే వచ్చాడు. నేల పేడతో కొత్తగా అలికి ఉంది. మంచం లేదు, పక్కబట్టలు లేవు.

"వెతకండి వెతకండి," అన్నాడు. "వంటిల్లంతా నేను గాలించాను. ఇక్కడ పేడ తప్ప ఏముంది?"

"మీ ఇంటికి పెంకులా, తాటాకులా?"

"మేడ. ఏం?"

"అందుకే పైకి చూడలేదు."

తాటాకు ఇంట్లో పుట్టి పెరిగినవాడెవడూ కొడవలి కోసం, సూది కోసం, మందు పొట్లం కోసం వంటిల్లు వెతకడు. ముందు చూరు తడుముతాడు. మంచం ఉండే చోట నిలబడి చూరులో చెయ్యి పెట్టాను. మసి, సాలెగూడు, తర్వాత ఒక అడ్డాకు పొట్లం. విప్పితే ఒక మాత్ర. పైన మిరియాలపొడి అద్ది ఉంది. గోటితో చీలిస్తే లోపల నల్లగా, బంకగా సాగింది. ఆ వాసన ఒకసారి పట్టిన ముక్కు మరిచిపోదు.

"వాసన చూడండి," అన్నాను.

చూశాడు. ముఖంలో రంగు మారింది. "నల్లమందు."

"జ్వరానికి పెసరగింజంత వేసుకుంటారు. ఇది రేగుగింజంత ఉంది. వాసన తెలియకుండా మిరియం అద్దారు."

"ఆ పిల్లే దాచి ఉంటుంది."

"విషం పెట్టిన మనిషే దానికి విరుగుడు కాచి పోస్తుందా జగన్నాథరావు గారూ? మధ్యలో ఆపితే వద్దు వద్దని తలుపు బాదుతుందా?"

ఆయన మీసం నమిలాడు. బుర్ర లేనివాడు కాదు. ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడం చేతకాదు, అంతే.

"సరే. మందు వేసింది తనేననీ, కాఫీ ఆపింది తనేననీ రత్నాలమ్మ నోటితో చెప్పించండి. కోడల్ని వదిలేస్తాను. ఆవిడ చెప్పకపోతే బండి కదులుతుంది."

రత్నాలమ్మ నడిమింటి మూల కూర్చుంది. పదోరోజు ఇంకా రాలేదు కాబట్టి చేతికి గాజులున్నాయి. అప్పలరాజు వచ్చి అక్క పక్కన చతికిలబడ్డాడు. జగన్నాథరావు గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఆ రాత్రి కాఫీ ఎందుకు ఆపారు?" అన్నాను.

"ఆపక ఏటి సెయ్యమంతారు బాబూ?" ఆమె కస్సుమంది. "ఆ పాడు కాఫీ ఆయన్ని లోపల్లోపలే కాల్సీసింది! సెమటలు కారిపోతన్నాయి, కాలు నిలవనేదు. ఆ గుంట గొడ్డుని ఈడ్సినట్టు ఈడుత్తంది, సెంపల మీద కొడతంది! మావని కొట్టీ కోడల్ని ఎక్కడైనా సూసినారా? గిన్ని తన్నీసినాను."

"తర్వాత?"

"సలవ సేసినాను. బొండాల నీలు పట్టినాను, నెత్తిమీద తడిగుడ్డేసినాను, కాళ్లు పిసికినాను. ఒద్దే, పడుకోబెట్టకే అని గొణిగినాడు. నాను ఇన్నేదు. అప్పుడు సల్లగా నిద్దరోయినాడు. కాఫీకి మరిగినకాడ్నించి అంత నిద్దర ఎరగడు మా ఆయన."

ఆ చివరిమాట అన్నప్పుడు ఆమె గొంతులో ప్రేమ ఉంది. ఆ క్షణాన నాకు ఈ వృత్తి మీదే అసహ్యం వేసింది.

"అక్క సేసిందాన్లో తప్పేటుంది బాబూ?" అన్నాడు అప్పలరాజు మెత్తగా. "ఏడికి సలవే కదా మందు. ఆ రేత్రి నానూ ఇక్కడే ఉన్నాను. నానే సెప్పినాను, కాఫీ ఆపి పడుకోబెట్టు అని."

"ఓహో, మీరే చెప్పారా?"

ఆకు పొట్లం తీసి రత్నాలమ్మ ముందు పెట్టాను. "ఈ మాత్రలు వేసిందెవరు?"

"నానే. బెల్లంలో ఎట్టి రెండేసినాను. జొరం మాత్రలు."

"జ్వరం మాత్రలు కావమ్మా. నల్లమందు. అది ఒంట్లో దిగిందని ఆయనకు తెలిసిపోయింది. అందుకే పడుకోనివ్వద్దన్నాడు. కాఫీ ఆయన్ని కాల్చలేదు. అది పడుతున్నంతసేపూ ఆయన బతికి ఉన్నాడు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అది ఆమె ముఖంలోకి దిగడం చూస్తూ కూర్చోవలసివచ్చింది.

"అయితే," అంది. "నానే పడుకోబెట్టీసినానేటి?"

అబద్ధం చెప్పొచ్చు. ఏ మనిషైనా చెబుతాడు. బయట బండివాడు ఎద్దుల్ని కాడికి కడుతూ అదిలిస్తున్నాడు. కొట్టులో ఉన్న పిల్ల ఆ బండి ఎక్కితే తిరిగి రాదు.

"అవునమ్మా."

"ఓలమ్మో," అంది చాలా నెమ్మదిగా. "అది తలుపు బాదతంటే నాకినిపించింది బాబూ. నోర్ముయ్యే, మావకి నిద్దరొత్తంది, లేపీకు అని తిట్టినాను. నా మొగుణ్ని నానే జోకొట్టీసినాను."

అప్పలరాజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకొని బావురుమన్నాడు. నేను గుమ్మం వైపు తిరిగాను.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఈ తాలూకాలో నల్లమందు దుకాణం సర్కారు వేలంలో పాడుకున్నది ఎవరు?"

జగన్నాథరావు చూపు అప్పలరాజు మీదికి వెళ్లింది. అప్పలరాజు ఏడుపు ఆగింది.

"లైసెన్సు నాదే," అన్నాడు తువ్వాలు దించి. "సర్కారుకి కట్టే అమ్ముతన్నాను. దాపరికమేటుంది? ఎవులొచ్చి కొంటారో, ఏటి సేసుకుంటారో నాకేటి తెలుసు?"

"కొండ మీంచి కొనేవాళ్లు తగ్గిపోయారటగా. మీ బావ వాళ్లకు కాఫీ అలవాటు చేశాడని."

"అది ఆల్ల ఇట్టం బాబూ." నవ్వాడు. కళ్లు నవ్వలేదు.

నేను రత్నాలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. "అమ్మా, ఒక్క మాట చెప్పండి చాలు. ఈ పొట్లం మీకిచ్చింది మీ తమ్ముడేనా?"

ఆమె అప్పలరాజు వైపు చూసింది. చాలాసేపు చూసింది. అతను తల దించుకున్నాడు. అంతకంటే రుజువు నాకు అక్కర్లేదు, కానీ కోర్టుకు కావాలి.

"కాదు," అంది రత్నాలమ్మ.

"అమ్మా!"

"కాదంతన్నాను కదా. నానే తెచ్చినాను, నల్లమందని తెలిసే ఎట్టినాను. తోటంతా కోడలి సేతిలో ఎడతానన్నాడు, ఒల్లు మండింది. నానే సంపీసినాను. ఆ గుంటని వొదిలీయండి ఇనస్పెట్టరు బాబూ, దానికేటీ తెలీదు."

"అబద్ధం చెబుతోంది!" అని అరిచాను. "ఇంతకుముందు ఆవిడ ముఖం మీరూ చూశారు. అది నల్లమందని ఆవిడకు ఇప్పుడే తెలిసింది!"

జగన్నాథరావు చొక్కా సర్దుకున్నాడు. ఆయనకు పోయిన పరువు ఒక్కసారి తిరిగివచ్చింది. "ఆవిడ నోటితో చెప్పించమన్నాను. చెప్పించారు. నేను అన్నమాట మీద నిలబడతాను వైకుంఠరావు గారూ, కోడల్ని వదిలేస్తున్నాను. ఇక ఇంట్లో పుట్టిన గొడవకి బయటివాళ్లనెందుకు లాగుతారు? జవాన్, ఈవిడను బండెక్కించు."

ఎంత అరిచినా లాభం లేకపోయింది. నేరం ఒప్పుకున్న మనిషి చేతిలో ఉంటే ఏ పోలీసూ ఇంకొకణ్ని వెతకడు. అందులోనూ ఆ ఇంకొకడి చేతి బొండాలు తాగుతూ మూడు రోజులు కూర్చున్నవాడు. ఒక అమాయకురాల్ని విడిపించడానికి వచ్చి ఇంకొక అమాయకురాల్ని నా నోటితో నేనే అప్పగించాను. వాకిట్లోకి పోయి ఉమ్మేశాను.

చిన్నతల్లి కొట్టులోంచి బయటికి వచ్చి, బండిలో అత్తను చూసింది. ఏం జరిగిందో జవాను చెబితే నమ్మలేదు. పరుగెత్తి వెళ్లి ఆమె కాళ్లు పట్టుకుంది.

"అత్తా! ఏటి సేసీసినావత్తా!"

రత్నాలమ్మ వంగి కోడల్ని దగ్గరకు లాక్కుంది. ఇద్దరూ ఏడుస్తున్నారనుకొని జవాన్లు పక్కకు తిరిగారు. నేను చక్రం పక్కనే ఉన్నాను. అందుకే ఆమె చెవిలో చెప్పింది నాకు వినిపించింది.

"మాయమ్మ సచ్చీముందు ఆణ్ని నా సేతిలో ఎట్టింది. ఉరితాడుకి నాను అప్పగించనేనే. ఆడు నాకు తమ్ముడు, నీకేటీ కాడు. పెద్దకర్మ అయిందాకా నువ్వు ఇంట్లో ఉండాలంతాడు, ఉండకు. ఆడు ముట్టుకున్న నీలు కూడా తాగకు."

బండి కదిలింది. జగన్నాథరావు గుర్రమెక్కి వెనకే వెళ్లాడు. కొబ్బరిచెట్ల మలుపులో బండి కనుమరుగయ్యేదాకా చిన్నతల్లి అక్కడే నిలబడింది. అప్పలరాజు అరుగు దిగి మెల్లగా ఆమె పక్కకు వచ్చాడు.

"అక్క సెవిలో ఏటి సెప్పిందమ్మా?"

చిన్నతల్లి కళ్లు తుడుచుకుంది. "దూడకి కుడితి ఎట్టమంది మావా."

"అంతేనా?"

"అంతే."

అతను ఆమె ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. తర్వాత ఇంటి వీధితలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, లోపలికి పదమ్మా అన్నట్టు చెయ్యి చూపించాడు. ఆ పిల్ల కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"తమరి బండికి ఏలైపోతంది కదా. ఎప్పుడెల్తారు బాబూ?"